మూడో రోజు అడవిలో ఆగిపోయిన బండి

మన పత్రికలో ఎవరిదైనా జీవితం రాయమంటే మామూలుగా గురజాడో, అల్లూరో వస్తారు. ఇంజనీరింగ్ వాళ్ళం కాబట్టి ఏటా ఒకసారి మోక్షగుండం విశ్వేశ్వరయ్య తప్పరు. ఈసారి నేను ఒక హాలీవుడ్ నటుడి గురించి రాస్తున్నాను. కంగారు పడకండి, సినిమా రివ్యూ కాదు. స్టీవ్ మెక్వీన్ చనిపోయి నలభై ఏళ్ళు దాటింది. అతని సినిమాల గురించి రాసినవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. నాకు నచ్చింది వేరే సంగతి. ప్రపంచంలోనే పేరున్న నటుడై ఉండి, పైసా ఆశించకుండా, మామూలు కుర్రాళ్ళతో కలిసి అడవిలోనూ ఎడారిలోనూ మట్టి దారుల్లో మోటారు సైకిల్ పందేలకు దిగాడు. అందులో అన్నిటికన్నా పెద్ద పందెంలో మూడో రోజే బయటికొచ్చేశాడు. ఆ ఓటమి గురించే నేను ముఖ్యంగా చెప్పాలనుకుంటున్నాను.

నాది అనకాపల్లి. అక్కణ్ణుంచి చూస్తే ఈ ఆట మనకు మరీ దూరంది కాదు. బెల్లం మార్కెట్ దాటి, చెరుకు తోటల గట్ల మీంచి బండి తోలడం మా వైపు పిల్లలకు లైసెన్సు కన్నా ముందే వచ్చేస్తుంది. చలికాలం వస్తే తెల్లారకుండానే నర్సీపట్నం మీదుగా లంబసింగి ఘాట్ ఎక్కే బళ్ళ వరస మీరూ చూసే ఉంటారు, మీలో సగంమంది ఆ వరసలో ఉండే ఉంటారు. మనం సెల్ఫీల కోసం ఎక్కే ఆ ఘాట్ దారికి ఒక చరిత్ర ఉంది. గూడెం తహసీల్దారు బాస్టియన్ కొండవాళ్ళతో సరిగా కూలి ఇవ్వకుండా రోడ్డు పని చేయించాడు. 1922లో అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకు ఉన్న కారణాల్లో అదొకటి. ఇవాళ కూడా ఆ రోడ్డు దిగి లోపలి ఊళ్ళకు వెళ్ళాలంటే చాలాచోట్ల రాళ్ళ దారే. మనం ఆఫ్ రోడ్ అని ముచ్చటగా పిలిచేది అక్కడివాళ్ళకు రేషన్ తెచ్చుకునే దారి. డోలీ కట్టి గర్భిణిని మోసుకొచ్చే దారి కూడా అదే. అందుకే ఏజెన్సీలో మోటారు సైకిల్ పక్కన తొట్టి బిగించి ఫీడర్ అంబులెన్సులు పెట్టారు. అలాంటి దారిలో బండి పడిపోకుండా, ఆగిపోకుండా, టైముకి చేర్చడం ఒక విద్య. దాన్నే పందెంగా ఆడేవాళ్ళు కొందరున్నారు. మెక్వీన్ వాళ్ళలో ఒకడు.

అతను 1930 మార్చి 24న అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని బీచ్ గ్రోవ్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి విమానాలతో సర్కస్ ఫీట్లు చేసేవాడు. బిడ్డ పుట్టిన కొన్ని నెలలకే ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. తల్లికి తాగుడు అలవాటు. పిల్లాణ్ణి మిస్సోరీలో స్లేటర్ అనే పల్లెలో వాళ్ళ బంధువుల దగ్గర వదిలేసింది. అక్కడ క్లాడ్ అనే చిన్నతాత ఒక్కడే వాణ్ణి మనిషిలా చూశాడు. పందులు మేపే రైతు ఆయన. నాలుగో పుట్టినరోజుకి ఒక ఎర్ర మూడు చక్రాల సైకిల్ కొనిచ్చాడు. పందేల పిచ్చి తనకు ఆ సైకిల్‌తోనే పట్టిందని మెక్వీన్ పెద్దయ్యాక చెప్పుకునేవాడు.

ఆ తరవాత బాల్యం అంతా గతుకుల రోడ్డే. చిన్నప్పుడే చెవికి జబ్బు చేసి వినికిడి కొంత పోయింది. డిస్లెక్సియా వల్ల చదువు వంటబట్టలేదు. సవతి తండ్రి కొట్టేవాడు. వీధుల్లో తిరిగి, చిల్లర దొంగతనాలకు మరిగి, చివరికి పద్నాలుగేళ్ళకి కాలిఫోర్నియాలో చినో అనే చోట ఉన్న బాయ్స్ రిపబ్లిక్‌కి చేరాడు. దారితప్పిన కుర్రాళ్ళకోసం పెట్టిన బడి అది. మొదట్లో పారిపోవాలని చూశాడు. తరవాత అక్కడి పిల్లల కౌన్సిల్‌కి తనే ఎన్నికయ్యాడు. ఆ బడి పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

1947లో అమెరికా మెరీన్ కోర్‌లో చేరాడు. అక్కడా కుదురు లేదు. సెలవు అయిపోయాక తిరిగి రాకుండా స్నేహితురాలితో తిరిగినందుకు 41 రోజులు సైనిక జైల్లో ఉన్నాడు. అదే మనిషి, ఉత్తర ధ్రువం వైపు జరిగిన శిక్షణలో మంచు పగిలి ట్యాంకు సముద్రంలోకి జారిపోతుంటే అందులోని అయిదుగురు సైనికుల్ని బయటికి లాగాడు. 1950లో గౌరవంగా విడుదలయ్యాడు. సైన్యం నుంచి వచ్చినవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే చదువు సాయంతో న్యూయార్క్‌లో నటన నేర్చుకోవడానికి చేరాడు. ఖర్చులకి చాలేది కాదు. మరి ఏం చేశాడు? శని ఆదివారాల్లో మోటారు సైకిల్ పందేలకు వెళ్ళి ప్రైజు డబ్బుతో వారం గడిపేవాడు. మనం వీకెండ్‌కి ఫుడ్ డెలివరీ చేసినట్టన్నమాట. నటుడిగా పేరు రాకముందే బండి అతనికి అన్నం పెట్టింది. ఈ వరస ముఖ్యం. స్టార్ అయ్యాక సరదాకి బండి కొన్నవాడు కాదు.

1958లో టీవీ సీరియల్ ఒకటి అతన్ని ఇంటింటికీ చేర్చింది. 1960లో ద మాగ్నిఫిసెంట్ సెవెన్, 1963లో ద గ్రేట్ ఎస్కేప్ వచ్చాయి. ఈ రెండోది మా హాస్టల్లో ల్యాప్‌టాప్ మీద ఎనిమిదిమందిమి కూర్చుని చూశాం. జర్మన్ల ఖైదీల శిబిరం నుంచి పారిపోయే అమెరికన్ సైనికుడు దొంగిలించిన మోటారు సైకిల్ మీద పచ్చిక కొండల్లో పరుగెత్తి, ముళ్ళ కంచె మీంచి ఎగిరే సీను అందులోదే. చరిత్రలో ఆ శిబిరం నుంచి మోటారు సైకిల్ మీద పారిపోయినవాళ్ళు ఎవరూ లేరు. బండి ఉండాలని పట్టుబట్టింది మెక్వీనే. తెర మీద జర్మన్ బండిలా కనిపించేది నిజానికి రంగు మార్చిన బ్రిటిష్ ట్రయంఫ్ టీఆర్6. వెంటపడే జర్మన్ సైనికుల వేషంలో కూడా కొన్ని షాట్లలో అతనే బండి నడిపాడు, అంటే తనను తనే తరుముకున్నాడు.

కానీ ఆ కంచె దూకింది మాత్రం అతను కాదు. హీరోకి దెబ్బ తగిలితే సినిమా ఆగిపోతుంది కాబట్టి దూకనివ్వలేదు. దూకింది బడ్ ఎకిన్స్. ఇతను లాస్ ఏంజెలెస్ దగ్గర ట్రయంఫ్ బళ్ళ డీలరు, కాలిఫోర్నియా ఎడారి పందేల్లో మొనగాడు. మెక్వీన్‌కి మట్టిలో బండి నడపడం నేర్పిన గురువు కూడా అతనే. తరవాత టీవీ షోలో ఆ దూకుడు గురించి మెచ్చుకుంటే, అది తన పని కాదు ఎకిన్స్‌దని మెక్వీన్ నలుగురిలో చెప్పేశాడు. డూపు పేరు దాచుకునే రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

ఇక అసలు కథకి వద్దాం. ఇంటర్నేషనల్ సిక్స్ డేస్ ట్రయల్ అని ఒక పోటీ ఉంది. 1913లో ఇంగ్లండ్‌లో మొదలైంది, ఇప్పుడు సిక్స్ డేస్ ఎండ్యూరో అంటున్నారు. మట్టి మోటారు సైకిళ్ళకి అది ఒలింపిక్స్ లాంటిది. దీని పద్ధతి ఇంజనీరింగ్ వాళ్ళకి భలే నచ్చుతుంది, అందుకని కాస్త వివరంగా చెబుతా.

ఇందులో అందరూ ఒకేసారి గీత మీద నిలబడి గేరు వేసి దూకెయ్యరు. ఒకరి తరవాత ఒకరు కొద్ది నిమిషాల తేడాలో బయలుదేరతారు. అడవులు, వాగులు, బురద, రాళ్ళ ఎక్కుళ్ళ మీదుగా ఆరు రోజులు, మొత్తం వెయ్యి మైళ్ళకు పైనే. దారిలో చెక్‌పాయింట్లు ఉంటాయి. ప్రతిదానికీ ఒక టైము రాసి ఉంటుంది, ఆ టైముకి చేరాలి. ఆలస్యమైతే మార్కులు పోతాయి. మొత్తంలో అందరికన్నా ముందున్నవాడికి ఒక్కడికే పతకం అని కాదు. నిర్ణయించిన ప్రమాణం అందుకున్న ప్రతివాడికీ బంగారం, కొంచెం తగ్గితే వెండి, ఇంకా తగ్గితే కంచు. అంటే రిలేటివ్ గ్రేడింగ్ కాదు, అబ్సల్యూట్ గ్రేడింగ్. పక్కవాడు పడిపోతే నీకు లాభం లేదు.

ఇంకో నియమం ఇంకా గట్టిది. బండి రిపేరు వస్తే నడిపేవాడే బాగుచేసుకోవాలి, తన వెంట ఉన్న పనిముట్లతోనే. పంక్చరైతే ట్యూబు మార్చేది నువ్వే. క్లచ్ వైరు తెగినా, చైను ఊడినా, ప్లగ్గు పట్టేసినా నీ చేతులే. రాత్రిపూట బళ్ళన్నీ కాపలా ఉన్న ఆవరణలో పెట్టి తాళం వేస్తారు, ఎవరూ ముట్టుకోకూడదు. మెకానిక్ ఉద్యోగికి జీతమిచ్చి గెలిచే ఆట కాదిది. నడపడం వచ్చినవాడికి విప్పడం, బిగించడం కూడా రావాలి.

1964 సెప్టెంబరులో ఈ పోటీ తూర్పు జర్మనీలోని ఎర్ఫర్ట్ దగ్గర, తురింగియా అడవుల్లో జరిగింది. బెర్లిన్ గోడ లేచి మూడేళ్ళయింది. ప్రచ్ఛన్న యుద్ధం జోరుమీదుంది. అమెరికా ఒక జట్టుగా అధికారికంగా ఈ పోటీకి వెళ్ళడం అదే మొదలు. బడ్ ఎకిన్స్, అతని తమ్ముడు డేవ్ ఎకిన్స్, క్లిఫ్ కోల్మన్, స్టీవ్ మెక్వీన్, వాళ్ళతో జాన్ స్టీన్. ఇంగ్లండ్‌లో మెరిడెన్ ఫ్యాక్టరీకి వెళ్ళి ట్రయంఫ్ బళ్ళు తీసుకుని, వ్యానులో వేసుకుని ఇనుప తెర అవతలికి వెళ్ళారు. ఆరంభ కవాతులో అమెరికా జెండా పట్టుకుని నడిచింది మెక్వీన్. రెండేళ్ళ కిందటే ఆ జర్మన్ కొండల్లో సినిమా కోసం బండి తోలుతూ పారిపోయినవాడు, ఇప్పుడు నిజంగా జర్మనీ అడవిలో వీపుకి 278 నంబరు కట్టుకుని నిలబడ్డాడు.

పోటీ సులువు కాదు. వర్షానికి నానిన అడవి నేల. వీళ్ళ ట్రయంఫ్‌లు బరువైనవి, మెక్వీన్ నడిపింది 650 సీసీ బండి. ఆతిథ్య దేశంవాళ్ళ ఎం.జెడ్. బళ్ళు తేలికైన టూ స్ట్రోక్‌లు, బురదలో అవి జారుకుంటూ పోయేవి. చెకొస్లొవేకియావాళ్ళ జావాలు కూడా అలాంటివే. అదే జావా మైసూరులో తయారై తరవాత యెజ్డీ అయింది, మన నాన్నల తరంవాళ్ళకి దాని శబ్దం ఇప్పటికీ చెవుల్లో ఉంటుంది. పవర్ ఎక్కువుంటే చాలదు, బరువుతో పోల్చి చూడాలని ఫస్టియర్లో మనం చదివిన లెక్క అక్కడ బురదలో కనిపించింది.

మొదటి రెండు రోజులు మెక్వీన్ నిలబెట్టుకున్నాడు. మూడో రోజు రెండు దెబ్బలు తగిలాయి. బడ్ ఎకిన్స్ పడి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. మెక్వీన్‌కి దారిలో ఎదురుగా పోటీకి సంబంధం లేని మోటారు సైకిల్ వచ్చింది. దాన్ని తప్పించబోయి పల్లంలోకి పోయాడు. అతనికి పెద్ద దెబ్బలు తగల్లేదు కానీ బండి ముందు భాగం వంకరపోయింది. వెంట ఉన్న స్పానర్లతో సరిచేసుకోగలిగేది కాదది. అంతే, పోటీ అయిపోయింది. మిగిలినవాళ్ళు ఆగలేదు. డేవ్ ఎకిన్స్, కోల్మన్ ఆరు రోజులూ పూర్తిచేసి బంగారు పతకాలు తెచ్చారు, స్టీన్‌కి వెండి వచ్చింది. జట్టు పోటీలో ట్రోఫీ తూర్పు జర్మనీదే.

ఇక్కడే నన్ను ఆలోచనలో పడేసిన సంగతి ఒకటుంది. సినిమాలో అయితే హీరో వంగిన ఫోర్కుతో కూడా గెలిచేవాడు. నిజం అడవికి హీరో ఎవరో తెలీదు. మెక్వీన్ ఇంటికొచ్చి ఈ ఆట మానెయ్యొచ్చు, అతనికి లోటేముంది? మానలేదు. పైగా పేరు మార్చుకుని ఆడాడు. పందేల ఎంట్రీ ఫారంలో హార్వీ ముష్మన్ అని రాసేవాడు. ఆ పేరుతో అతను స్టార్ కాదు, వందలమందిలో ఒకడు. 1966లో పాపులర్ సైన్స్ పత్రికకి మోటారు సైకిళ్ళను స్వయంగా పరీక్షించి వ్యాసం రాశాడు. చదువు వంటబట్టని పిల్లాడు ఫ్రేము, బరువు, సస్పెన్షన్ గురించి రాశాడంటే, చేత్తో నేర్చుకున్న జ్ఞానం అది. ఎడారి పందేల బళ్ళలో కూర్చుంటే నడుం విరిగిపోతోందని, లోతుగా ఒళ్ళు పట్టి ఉంచే బకెట్ సీటు ఒకటి రూపొందించి పేటెంట్ కూడా తీసుకున్నాడు. 1971లో అది మంజూరైంది. మనలో ఎంతమంది ఫైనలియర్ ప్రాజెక్టు ఆ దాకా వెళ్తుందో మీరే చెప్పండి.

1970లో కారు పందెంలో ఇంకో ముచ్చట జరిగింది. ఫ్లోరిడాలోని సెబ్రింగ్ పన్నెండు గంటల పందేనికి రెండు వారాల ముందు మోటారు సైకిల్ పోటీలో ఎడమ పాదం విరిగింది. ఆ కట్టుతోనే పోర్షె కారు ఎక్కాడు, పీటర్ రెవ్సన్‌తో కలిసి రెండో స్థానంలో వచ్చాడు. మొదటి స్థానంలో మారియో ఆండ్రెట్టి జట్టు, తేడా అరనిమిషం కూడా లేదు. ఎక్కువసేపు నడిపింది రెవ్సన్. విరిగిన కాలితో క్లచ్ తొక్కడం గొప్పేనని జనం అంటారు. నేనైతే దీన్ని అనుకరించమని చెప్పను. ఆర్థోపెడిక్ వార్డు ముందు కూర్చున్న అమ్మానాన్నల్ని చూసినవాళ్ళెవరూ చెప్పరు.

1971లో బ్రూస్ బ్రౌన్ తీసిన ఆన్ ఎనీ సండే డాక్యుమెంటరీ వచ్చింది. మెక్వీన్ కంపెనీ దానికి డబ్బు పెట్టింది. అందులో ప్రొఫెషనల్ మెర్ట్ లావిల్, మట్టి పందేల దిగ్గజం మాల్కం స్మిత్‌లతో పాటు కాలిఫోర్నియాలో ఎల్సినోర్ అనే ఊరి వీధుల్లోనూ కొండల్లోనూ జరిగే పందెంలో మెక్వీన్ కనిపిస్తాడు. ముఖమంతా మట్టి, ఎవరో గుర్తుపట్టడమే కష్టం. ఆస్కార్ నామినేషన్ వచ్చిన ఆ సినిమా అమెరికాలో ఒక తరం పిల్లల్ని సైకిళ్ళతో మట్టి గుట్టల మీదికి పంపింది. అంతకుముందు మోటారు సైకిల్ వాడంటే రౌడీ అనే ముద్ర ఉండేది. ఆదివారం వస్తే డాక్టరూ గుమాస్తా పిల్లాడూ కలిసి ఆడుకునే ఆట ఇది అని అది చూపించింది.

దేవుణ్ణి చేసి కూర్చోబెట్టడం నా ఉద్దేశం కాదు. మూడు పెళ్ళిళ్ళు, మత్తు పదార్థాలు, భార్యల మీద పెత్తనం, తోటి నటులతో పేచీలు. దగ్గరివాళ్ళని చాలా బాధపెట్టిన మనిషి. కానీ ఒక్కచోట మాత్రం మాట తప్పలేదు. బాయ్స్ రిపబ్లిక్ అన్నాను కదా, అక్కడికి జీవితాంతం వెళ్తూనే ఉన్నాడు. పిల్లలతో కూర్చుని కబుర్లు చెప్పేవాడు, వాళ్ళు రాసిన ఉత్తరాలకు జవాబులు రాసేవాడు. సినిమా ఒప్పుకునేటప్పుడు స్టూడియోవాళ్ళని జీన్స్ ప్యాంట్లు, రేజర్లు మూటలకొద్దీ అడిగేవాడట, ఇంత పిసినారితనం ఏమిటని వాళ్ళు నవ్వుకునేవాళ్ళు. అవన్నీ ఆ బడికి వెళ్ళేవి. వీలునామాలో కూడా దానికి రెండు లక్షల డాలర్లు రాశాడు.

1978 చివర్లో తగ్గని దగ్గు మొదలైంది. ఏడాది తరవాత మీసోథీలియోమా అని తేలింది. ఊపిరితిత్తుల పొరకు వచ్చే కేన్సర్ ఇది, దీనికి ముఖ్య కారణం ఆస్బెస్టాస్ నార. మెరీన్‌గా ఉన్నప్పుడు శిక్షగా ఓడలో పైపుల మీద ఉన్న ఆస్బెస్టాస్ తొడుగులు ఊడదీయించారు, జబ్బు అక్కణ్ణుంచే వచ్చి ఉంటుందని అతను నమ్మాడు. ఆ రోజుల్లో రేసింగ్ దుస్తుల్లోనూ ఆ నార ఉండేది. ఒంట్లోకి వెళ్ళాక దశాబ్దాలు నిద్రపోయి లేచే జబ్బు. మెక్సికోలో హువారెజ్ పట్టణంలో ఆపరేషన్ తరవాత, 1980 నవంబరు 7న చనిపోయాడు. వయసు 50. ఎగుడుదిగుళ్ళలో వందసార్లు పడి లేచినవాణ్ణి పడగొట్టింది కంటికి కనపడని దుమ్ము.

ఇది మనకు సంబంధం లేని విషయం అనుకోకండి. మన దేశంలో ఆస్బెస్టాస్ సిమెంటు రేకులు ఇంకా అమ్ముతూనే ఉన్నారు. మా వైపు పాకలకీ షెడ్లకీ అవే. వాటిని పొడిగా కోసినా, రంధ్రాలు పెట్టినా, పగలగొట్టినా ఆ నార గాల్లో కలుస్తుంది. పాత బళ్ళ బ్రేకు లైనర్లలోనూ ఉండేది, దాన్ని నోటితో ఊది శుభ్రం చేసే మెకానిక్కుల్ని మనం చూశాం. రేపు సైట్ ఇంజనీర్లుగా వెళ్ళేది మనమే. కూలివాడి ముక్కుకి మాస్కు ఉందా, రేకు తడిపి కోస్తున్నారా అని చూడాల్సింది కూడా మనమే.

అతను వదిలివెళ్ళిన వందకు పైగా మోటారు సైకిళ్ళను 1984లో వేలం వేశారు. వాటిలో చాలా వాటి మీద ఇండియన్ అని రాసి ఉంటుంది, అది అమెరికా కంపెనీ పేరే లెండి. ఇప్పుడు ట్రయంఫ్ బళ్ళు మన బజాజ్‌తో కలిసి ఇక్కడే తయారవుతున్నాయి, అనకాపల్లి కుర్రాళ్ళూ ఇయంఐ కట్టి కొంటున్నారు. కొన్నవాళ్ళకి ఒక్క మాట. రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా బండి దించకండి, అక్కడ దారి ఉన్నా అది మన ఆటస్థలం కాదు. పందెం ఆడాలనిపిస్తే ఆ ఆరు రోజుల పోటీ పద్ధతిలో ఆడండి. సీటు కింద ట్యూబు, స్పానర్లు పెట్టుకోండి. పంక్చర్ మీరే వేసుకోండి. టైముకి చేరండి, పక్కవాడికి బండి ఆగితే దిగి చూడండి. నియమాల పుస్తకంలో లేకపోయినా ఘాట్ మీద అది అవసరం. ఏజెన్సీ ఊళ్ళో ఫీడర్ అంబులెన్స్ తోలే కుర్రాడికి ఈ విద్యంతా వచ్చు, అతనికి పతకాలు ఇచ్చేవాళ్ళే లేరు.